గాలాడే డబ్బాకు ఆయుధపూజ

ఆ రోజుల్లో అని మొదలుపెట్టగానే మీరు లాంతర్లూ ఎడ్లబండ్లూ ఊహించుకోవద్దు. నేను చెప్పే రోజుల్లో కూడా అందరి చేతుల్లో ఇప్పటి ఫోన్లే ఉన్నాయి, ఆకలేస్తే అన్నం స్కూటరు మీదే వచ్చేది. గట్టిగా లెక్కేస్తే పదేళ్ళు కూడా కాలేదు. అయినా అప్పటి నన్ను తీసుకొచ్చి ఇప్పటి నా పక్కన నిలబెడితే చుట్టరికం ఉందని కూడా ఎవరూ అనుకోరు. ఆ పిల్లకు ఇరవై రెండేళ్ళు. ప్రపంచంలో తనకు తెలియనిది ఏమైనా ఉంటే అది తెలుసుకోదగ్గది కాదని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఒక పెద్దాయన జీవితకాలపు పనిని అగ్గిపెట్టంత డబ్బాలో పెట్టి, దాని మీద పసుపునీళ్ళు చల్లుతుంటే చేతులు జోడించి నిలబడింది. చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ నవ్వు చివరిదాకా సాగదు.

హిందూపురంలో కంప్యూటర్ డిప్లొమా చేసి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో అద్దాల ఆఫీసులో కూర్చోవాలని బెంగళూరు వచ్చాను. పెద్దమ్మ కొడుకు అక్కడే ఒక స్టార్టప్‌లో పని చేసేవాడు. వాడి పుణ్యమా అని తొమ్మిది ఇంటర్వ్యూలకు వెళ్ళాను, తొమ్మిది చోట్లా 'చెప్తాం' అన్నారు (ఇప్పటికీ చెప్పలేదు). చివరికి ఉద్యోగం దొరికింది అత్తిబెలెలో, ఒక మగ్గాల సందులో, పట్టుచీరల అంచులకు డిజైన్లు తయారుచేసే ఇంట్లో. ముందు గది ఆఫీసు, వెనక గదిలో రెండు మగ్గాలు, ఆ వెనక వంటిల్లు. మా ఇంట్లో మాత్రం 'బెంగళూరులో డిజైనర్‌ని' అనే చెప్పాను. చెక్‌పోస్టు దాటితే తమిళనాడు, కాబట్టి ఇవతల ఉన్నదంతా బెంగళూరే అని నా వాదన.

ఆ ఇంటి పెద్దను సందులో అందరూ గ్రాఫు తాత అనేవారు. తాతల కాలం నుంచీ ఈ చుట్టుపక్కలే స్థిరపడిన తెలుగువాళ్ళు. గళ్ళ కాగితం మీద పెన్సిలుతో అంచులు గీయడం ఆయన పని. ఒక్కో గడి ఒక్కో పోగు. గడి నింపితే ఆ పోగు పైకి లేస్తుంది, వదిలేస్తే కిందే ఉంటుంది. అలా వేల గళ్ళు నింపితే జానెడు అంచు అవుతుంది. నలభై ఏళ్ళుగా అలా గీసి గీసి, చక్కెర జబ్బుతో ఆయన చూపు మసకబారింది. మనిషి ఆకారం తెలిసేది గానీ గడి కనిపించేది కాదు. అందుకే నన్ను పెట్టుకున్నారు. ఆయన పాత కాగితాలను ఒక్కొక్కటిగా కంప్యూటర్లోకి ఎక్కించడం నా ఉద్యోగం. ఎనిమిది నెలలు పట్టింది. మొత్తం నూట అరవై రెండు అంచులు. వాటికి బార్డర్ ఒకటి, బార్డర్ రెండు అని వరసగా పేర్లు పెట్టి, నేనే గీసినంత గర్వపడ్డాను.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కాగితాలున్న ట్రంకుపెట్టెలో చెదలు కనిపించాయి. చెదపురుగును చూసి అవ్వ (తాత భార్య) గోల పెట్టింది, నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. "ఇంక ఈ కాగితాలెందుకు తాతా? అంతా కంప్యూటర్లో భద్రంగా ఉంది కదా" అన్నాను. తాత వెంటనే ఒప్పుకోలేదు. "ఉండనీ అమ్మణ్ణీ, ఆడ ఒక మూల పడుంటాయి. అవేమన్నా కూడు అడగతా ఉండాయా?" అన్నాడు. నేను వదల్లేదు. చెద కంప్యూటరుకు కూడా పడుతుందని భయపెట్టాను (అబద్ధం). చివరికి బాగున్న కొన్ని కాగితాలను అవ్వ వంటింటి అలమరలో పప్పుడబ్బాల కింద పరుచుకుంది, మిగతావి పాతపేపర్లవాడి తక్కెడలోకి వెళ్ళాయి. తాత గుమ్మంలో నిలబడి ఆ బండి మలుపు తిరిగేదాకా అటువైపే ముఖం పెట్టి ఉన్నాడు. ఆయనకు బండి కనపడదు కదా, ఏం చూస్తున్నాడని అనుకున్నాను.

రెండు నెలలకు కంప్యూటరు పోయింది. బాగుచేసేవాడు విప్పి చూసి, బోర్డు కాలిపోయింది, ఇక లాభం లేదు, కానీ మీరు దాచుకున్న ఫైళ్ళన్నీ ఈ డ్రైవ్‌లోనే ఉన్నాయి, ఇది బాగుంది అని ఒక చిన్న రేకు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. బబుల్‌గమ్ రేకంత ఉంది. దాన్ని చూసి అవ్వ "ఇంతేనా? నలభై ఏండ్లు కూర్చుని గీసింది ఇంతేనా?" అంది. దీన్ని బయటినుంచి వాడుకోవాలంటే ఒక డబ్బా కొని అందులో బిగించి, తీగతో నా లాప్‌టాప్‌కు కలపాలన్నాడు. ఆ డబ్బా కొనే బాధ్యత నామీద పడింది, అంటే నేనే మీద వేసుకున్నాను.

అన్నకు ఫోన్ చేశాను. హెచ్‌ఎస్‌ఆర్ స్టార్టప్‌లో చేరాక మా పెద్దమ్మ కొడుకు ప్రతి మాటా 'సో'తోనే మొదలయ్యేది. "సో, సింపుల్‌గా చెప్తా విను. నీది ఫాస్ట్ డ్రైవ్, హెవీగా వాడితే హీట్ అవుద్ది. ఫ్యాన్ ఉన్నది తీసుకో, లుక్స్ కూడా ప్రీమియంగా ఉంటాయ్. ఇంకో మాట, సెకండ్ కాపీ మస్ట్. ఈరోజే తీసి పెట్టు" అన్నాడు. మొదటి సలహా నాకు బాగా నచ్చింది. రెండోది చేయాలంటే నా లాప్‌టాప్‌లో ఖాళీ ఉండాలి. ఖాళీ ఉండాలంటే నేను దాచుకున్న సినిమాలు తీసెయ్యాలి. ఆ వారం కాకపోతే వచ్చే వారం చేద్దాంలే అనుకున్నాను.

రేకును అవ్వ ఇచ్చిన గుడ్డలో చుట్టుకుని రెండు బస్సులు మారి ఎస్పీ రోడ్డుకు వెళ్ళాను. అంగడాయన దాన్ని వెలుతురుకు పట్టి, అంచున గాటు ఒకటుందా రెండున్నాయా అని చూశాడు. గాటును బట్టి రకం, రకాన్ని బట్టి డబ్బా అట. తప్పు రకం కొంటే రేకు పట్టినా పని చేయదట. అది చూసుకున్నాక రెండు డబ్బాలు నా ముందు పెట్టాడు. ఒకటి నల్లటి అల్యూమినియం డబ్బా, అన్నివైపులా మూసి ఉంది, మా నాన్న కళ్ళజోడు పెట్టెలా ఉంది. రెండోదానికి పైన వరసగా చిల్లులు, లోపల చిట్టి ఫ్యాను, ఫ్యాను చుట్టూ నీలం దీపం. మీ పనికి మొదటిది చాలమ్మా, లోపల మెత్తటి పట్టీ వేసి బిగిస్తే వేడి రేకు నుంచి డబ్బాకు పాకి పోతుంది అని ఆయన వివరించాడు. నేను ఆ నీలం దీపం వైపు చూస్తూ తల ఊపి, రెండోదే కొన్నాను.

ఇంటికొచ్చాక తాత దాన్ని చేతిలోకి తీసుకుని వేళ్ళతో తడిమాడు. "ఏం అమ్మణ్ణీ, దీనికి ఇన్ని బొక్కలుండాయేమి?" అన్నాడు. గాలి ఆడాలి తాతా, వేడెక్కుతుంది అన్నాను. "బియ్యం పోసే డబ్బాకు గూడా మూత చూసి తెచ్చుకుంటాం గదా. దీన్ల నా చేతిపనంతా ఉండాది. బొక్కల్లేని డబ్బా దొరకలేదా?" అన్నాడు. నేను నవ్వాను. తర్వాత దాదాపు అరగంట ఆయనకు వేడి గురించి, వేగం గురించి చెప్పాను (అందులో సగం నాకే అర్థం కాలేదు). ఆయన ఓపికగా విని "సరే, నీకు తెలుసు గదా" అన్నాడు. నిజంగానే నాకు తెలుసనుకున్నాడు, అదే ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

నెల రోజులు డబ్బా బాగా నడిచింది. ఇంతలో దసరా వచ్చింది. బెంగళూరు మగ్గాల సందుల్లో ఆయుధపూజ అంటే ఇల్లంతా ఒక ఊపు. ముందురోజే మగ్గాలు తుడిచి, అరటిపిలకలు కట్టి, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ సిద్ధం చేశారు. పూజ నాడు పనిముట్టన్న ప్రతిదానికీ విభూతి, గంధం, కుంకుమ. కత్తెరకు పెట్టారు, ఇస్త్రీపెట్టెకు పెట్టారు, తాత పాత పెన్సిళ్ళకు పెట్టారు, నా మౌసుకు మూడు అడ్డగీతలు పెట్టారు. పూజ అయ్యాక ఇక ఆ రోజంతా ఏ పనిముట్టునూ ముట్టుకోకూడదు. అవి ఆ ఒక్కరోజు విశ్రాంతి తీసుకుని, మర్నాడు విజయదశమికి మళ్ళీ హారతి పట్టాకే లేస్తాయి. తాత ఈ విషయంలో చాలా పట్టింపు మనిషి.

"ఆ డబ్బాను గూడా పెట్టు అమ్మణ్ణీ. మనింట్ల అన్నిటికంటే పెద్ద ఆయుధం అదే" అన్నాడు. నేను తీగ ఊడదీసి, దానికి ప్రత్యేకంగా ఒక ఇత్తడి పళ్ళెం తెచ్చి, ఫ్యాను వైపు అందంగా ఉంటుందని చిల్లులు పైకి పెట్టాను. గుర్తుపెట్టుకోండి, ఎవరూ చెప్పలేదు, నేనే పైకి పెట్టాను. అవ్వ దాని చుట్టూ మల్లెమాల చుట్టింది. మంత్రాలు రాని అవ్వ తనకు తెలిసిన దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తూ, మామిడాకుతో పసుపునీళ్ళు ముమ్మారు చల్లింది. మగ్గాలకు తలా ఒక చుక్క పడితే, పెద్ద ఆయుధం కదా అని దీనికి ధారాళంగా పడ్డాయి. పైన కుంకుమ అద్దింది. నేను కళ్ళు మూసుకుని భక్తితో దండం పెట్టాను.

అప్పటికైనా ఆచారం ప్రకారం ముట్టుకోకుండా ఉంటే నీళ్ళు వాటంతటవే ఆరిపోయేవేమో. మధ్యాహ్నం అందరూ ఒబ్బట్టు (మన బొబ్బట్లే) తిని పడుకున్నారు. మల్లెమాలలో కుంకుమబొట్టుతో ఉన్న ఆ డబ్బాకు నీలం దీపం కూడా వెలిగితే ఫోటో ఎంత బాగుంటుందో అనిపించింది. స్టేటస్‌లో పెడితే హెచ్‌ఎస్‌ఆర్ అన్న కూడా లైక్ కొట్టాల్సిందే. చప్పుడు చేయకుండా లాప్‌టాప్ తెరిచి తీగ కలిపాను. దీపం వెలిగింది. ఫ్యాను తిరిగి, నా ముఖం మీదికి సన్నగా కుంకుమ చిమ్మింది. ఆ వెంటనే 'టప్' అని ఒక చిన్న చప్పుడు, కాలిన వాసన. దీపం ఆరిపోయింది. తీగ మార్చాను, తీగ గుచ్చే రంధ్రం మార్చాను, ఊదాను, బతిమాలాను. ఏమీ రాలేదు. ముఖం కడుక్కుని, డబ్బాను మళ్ళీ పళ్ళెంలో పెట్టి, మల్లెమాల సర్దాను. నూట అరవై రెండు అంచులు, రెండో కాపీ లేదు, కాగితాలు లేవు, గీసిన మనిషికి చూపు లేదు. అది అప్పుడు అర్థమైంది.

ఆ సాయంత్రం ఒంట్లో బాగాలేదని నా గదికి వెళ్ళిపోయాను. మర్నాడు పొద్దున మళ్ళీ హారతి అయింది. తాత ఉతికిన పంచె కట్టుకుని కుర్చీలో కూర్చుని, "ఈపొద్దు మంచి దినం. ఒక అంచు తెరిచి పని మొదలుపెట్టల్ల. ఆ మామిడిపిందె అంచు తియ్ అమ్మణ్ణీ" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే ఫోటో సంగతితో సహా అంతా చెప్పేశాను. అవ్వ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని "అయ్యో, నీళ్ళు చల్లింది నేను గదా, నా చేతులు పడిపోను" అని గోడకు కూలబడింది. తాత తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. "పొయినాయి అంటే అన్నీ పొయినట్లేనా?" అని మాత్రం అడిగాడు.

అన్నకు ఫోన్ చేశాను. వాడు ఈసారి 'సో' అనలేదు. "పోయింది డబ్బానా, డ్రైవా అన్నది టెస్ట్ చేస్తే గానీ తెలీదు. రేకు బయటికి తీసి మూడు రోజులు ఆరనీ, ఎక్కడా పెట్టకు. షాపులన్నీ పండక్కి క్లోజ్. ఆదివారం మూసున్న డబ్బా నేనే తెస్తా" అన్నాడు. రేకును మెత్తటి గుడ్డతో తుడిచి బియ్యం డబ్బాలో పెట్టాం. ఆ బియ్యం వండొద్దని అవ్వ డబ్బా మీద దారం కట్టింది.

మూడు రోజులు. తాత కాసేపు కుర్చీ చేతిని వేళ్ళతో తడుతూ కూర్చుని, "గళ్ళ కాగితం ఉండాదా?" అన్నాడు. ఆ ఇంట్లో, నలభై ఏళ్ళు గళ్ళ కాగితం మీద బతికిన ఇంట్లో, పప్పుడబ్బాల కింద నూనె మరకలైనవి తప్ప ఒక్క కాగితం లేదు. పక్కింటి బడిపిల్ల గళ్ళ లెక్కల పుస్తకం అడిగి తెచ్చాను. "రాసుకో. పొయినాయో లేదో అది దేవునికి తెలుసు. నాకు గుర్తుండేవరకు చెప్తా. ఒక్కటి తప్పినా అడుగు, నాకేం బేజారు లేదు" అని కళ్ళు మూసుకున్నాడు. మోకాలి మీద వేళ్ళతో లెక్కపెడుతూ చెప్పడం మొదలుపెట్టాడు. "రెండు నింపు, ఐదు వదులు. మూడు నింపు, నాలుగు వదులు..."

మొదటి రోజు మామిడిపిందె. పిందె మెడ దగ్గర ఒక గడి వదలమన్నాడు. నింపితే గీత నిండుగా వస్తుంది కదా తాతా అన్నాను. "వస్తాది. చీర మడత పెట్టినప్పుడు ఆడే తెగతాది గూడా. ఆడ పోగు స్వల్ప ఊపిరి తీసుకోవల్ల" అన్నాడు. అదే అంచును నేను ఎనిమిది నెలల కిందట కంప్యూటర్లోకి ఎక్కించాను. అప్పుడు ఆ వదిలిన గడిని చూసి, పెద్దాయన మర్చిపోయాడనుకుని, నవ్వుకుని నేనే నింపేశాను. ఆ మాట ఇప్పుడు చెప్పి తల వంచుకున్నాను. ఆయన కళ్ళు తెరవకుండానే "ఓహో, అందుకే మొన్న శ్రావణంల ఇద్దరు చీరలు వాపసు తెచ్చిరి" అని గట్టిగా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

రెండో రోజు అలల అంచు. నా లెక్కలో అది బార్డర్ నలభై ఏడు. చెబుతూ చెబుతూ ఆయన ఆగి, "ఇది వర్తూరు చెరువు" అన్నాడు. అవ్వ పుట్టిల్లు వర్తూరు. పెళ్ళిచూపులకు సైకిలు మీద వెళ్ళాడట, ముందుగా చేరుకుని కట్ట మీద కూర్చున్నాడట. "పడమర గాలి తోస్తా ఉండె. ఒక పెద్ద అల, దాని వెనక రెండు చిన్నవి, మళ్ళా పెద్దది. అట్లే లెక్క పెట్టుకున్నా." గుమ్మంలో చిక్కుళ్ళు ఒలుస్తున్న అవ్వ చేట పక్కన పెట్టింది. "అదా సంగతి! ఆ దినం తలకాయ ఎత్తకుండా కూర్చునుంటే సిగ్గేమో అనుకుంటి. నన్ను చూసేకి వచ్చి చెరువు చూసి, దాన్నే ఇంట్ల కూర్చుని లెక్క పెట్టుకుంటా ఉండె ఈ మనిషి!" తాత నెమ్మదిగా "నిన్ను చూసినాకే గదా ఆ చెరువు అంత బాగా కనపడింది" అన్నాడు. అవ్వ చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట చిక్కుళ్ళ కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

మూడో రోజు కోడిపుంజుల అంచు. అప్పటికి నా చెయ్యి కొద్దిగా కుదిరింది. ఆయన నాలుగు వరసలు చెబితే ఐదోది ఏమొస్తుందో నాకు తెలిసిపోయేది. ఒకసారి ఆయన కంటే ముందే చెప్పాను. ఆయన కళ్ళు తెరిచి, నేనున్న వైపు తిరిగి, మసకగానే అయినా నన్ను చాలాసేపు చూశాడు. "రేపు నెమలి చెప్తా. అది స్వల్ప కష్టం. పొద్దున్నే రా" అన్నాడు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే వెళ్ళాను, కానీ నాకంటే ముందే అన్న వచ్చి ఉన్నాడు, చేతిలో చిల్లుల్లేని నల్ల డబ్బాతో. బియ్యంలోంచి రేకు తీసి, గాటు చూసి, మెత్తటి పట్టీ వేసి బిగించి, తీగ కలిపాడు. బార్డర్ ఒకటి నుంచి నూట అరవై రెండు దాకా వరసగా తెర మీదికి వచ్చేశాయి. కాలిపోయింది ఆ ఫ్యాను డబ్బా ఒక్కటే. నేను గంతులేశాను. అవ్వ హారతి పళ్ళెం ఎత్తుకుని రాబోయి, ఏదో గుర్తొచ్చినట్టు గుమ్మంలోనే ఆగిపోయి, దూరం నుంచే దండం పెట్టింది. అందరం నవ్వాం. అన్న అక్కడికక్కడే నా సినిమాలన్నీ తీసేసి, ఆ ఖాళీలో రెండో కాపీ పెట్టాడు.

తాత కూడా నవ్వాడు. "దొరికినాయా? మంచిదాయె, మంచిదాయె" అన్నాడు. ఆయన ఒళ్ళో బడిపిల్ల లెక్కల పుస్తకం తెరిచి ఉంది, పక్కన చెక్కిన పెన్సిలు ఉంది. నెమ్మదిగా పుస్తకం మూసి, "అయితే దీంతో ఇంక పని లేదు గదా. పాపం ఆ పాపకు ఇచ్చేయ్" అని లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళి పడుకున్నాడు. పొద్దున తొమ్మిది గంటలకు ఆయన పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు కూడా చూడలేదనే చెప్పాలి, ఎందుకంటే నేను అన్నతో కలిసి ఆ నల్ల డబ్బాకు ఫోటో తీస్తున్నాను.

నెమలి సంగతి నేను అడగలేదు. బార్డర్ తొంభై మూడుగా తెర మీద ఉంది కదా, అడగాల్సిందేముంది అనుకున్నాను. ఆయనా చెప్పలేదు. మరుసటి ఏడు ఆయన చూపు పూర్తిగా పోయింది, ఆ తర్వాత జ్ఞాపకం కూడా మెల్లగా జారిపోయింది. ఒకరోజు నెమలి గురించి అడిగితే, ఎవరింటి నెమలి అన్నాడు.

ఇప్పుడు అదే సందులో నాకూ చిన్న డిజైన్ల గది ఉంది. తాత అంచులకు మూడు కాపీలున్నాయి, మూడూ చిల్లుల్లేని డబ్బాల్లో, మూడు వేర్వేరు ఇళ్ళల్లో. కొత్తగా చేరిన పిల్లలకు ఏ డబ్బా కొనాలో, ఎలా బిగించాలో గంటసేపు పాఠం చెబుతాను. వాళ్ళు నా వెనక నవ్వుకుంటారని తెలుసు. ఎవరైనా వచ్చి అంచు కాస్త సన్నం చేయమంటే, మామిడిపిందె, అలలు, కోడిపుంజులు అయితే కంప్యూటరు తెరవకుండానే కాగితం మీద గీసి ఇస్తాను. ఏ గడి తీయొచ్చో, ఏది తీస్తే పోగు తెగుతుందో నా వేళ్ళకు తెలుసు. నెమలిని అడిగితే మాత్రం అది అంతే వెడల్పులో వస్తుందండీ అని చెప్పి పంపేస్తాను. ఆ ఆదివారం అన్నకు బస్సు దొరక్కపోయి ఉంటే ఎంత బాగుండేదో అని అప్పుడప్పుడూ అనుకుని, ఆ గంతులేసిన పిల్లను తలుచుకుని నవ్వుకుంటాను. నూట అరవై రెండూ నా దగ్గర ఉన్నాయి. నాకు వచ్చినవి మూడే.